తొక్కుడు బిళ్లలో ఐలవ్వ వంతు

అది 1961. మందమర్రిలో బొగ్గుబావి కార్మికుల వాడలో ఉన్న ప్రాథమిక పాఠశాలకు టీచరుగా వెళ్లాను. సుల్తానాబాద్‌లో వరిపొలాల మధ్య పెరిగిన నాకు, ఆరేసిన చీర మీద కూడా నల్లపొడి పడే ఆ ఊరు మొదట అస్సలు నచ్చలేదు. నచ్చిందల్లా బడిలో ఆఖరి అరగంట. టైంటేబుల్‌లో దాని పేరు డ్రిల్ పీరియడ్. పిల్లలను వరుసగా నిలబెట్టి చేతులు ఎత్తించి దించాలని రూలు. నేను ఆ తంతు రెండు నిమిషాల్లో ముగించి ఆటలకు వదిలేసేదాన్ని. మగపిల్లలు చిర్రగోనె కర్రలు పట్టుకుని ఉరికేవాళ్లు. ఆడపిల్లలు నేల మీద గళ్లు గీసి తొక్కుడు బిళ్ల మొదలుపెట్టేవాళ్లు.

రెండో తరగతిలో ఐలవ్వ అనే పిల్ల ఉండేది. ఎనిమిదేళ్లుంటాయేమో. చంకలో ఎప్పుడూ ఏడాది తమ్ముడు. వాడు ఏడిస్తే క్లాసంతా పలకలు వదిలేసి వాడినే చూసేది. ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది.

"రేపటిసంది తమ్ముణ్ని ఇంటికాడ ఉంచి రా. లేకుంటే రానేరాకు" అన్నాను.

మర్నాడు రాలేదు. రిజిస్టర్‌లో వరుసగా నాలుగు రోజులు ఆబ్సెంట్ వేసి, ఐదో రోజు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. తల్లి ఇటుకల పనికి పోవడానికి సద్ది కట్టుకుంటోంది.

"నేను కూలికి వోత. ఆయన బాయిల దిగుతడు. పోరన్ని ఎవలు పట్టుకోవాలె పంతులమ్మా?" అంది. నిష్ఠూరంగా అన్నా బాగుండేది, మెల్లగానే అడిగింది. నాకే తల కొట్టేసినట్టయింది.

"ఇద్దర్నీ తోలు" అని వచ్చేశాను.

డ్రిల్ పీరియడ్‌లో ఐలవ్వ తమ్ముణ్ని ఎత్తుకుని గళ్ల పక్కన నిలబడేది. "గీత తొక్కినవ్! అవుట్!" అని అరిచేది. ఒక్కసారి కూడా ఆడని ఆ పిల్ల తీర్పుకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

"నువ్వు ఆడవా?" అని ఒకరోజు అడిగాను.

"తమ్ముడున్నడు గద."

"ఇటియ్యి. జరసేపు నేను పట్టుకుంట."

నా మొహం వంకా, గళ్ల వంకా చాలాసేపు చూసి గానీ ఇవ్వలేదు. తర్వాత బిళ్ల విసిరి ఒంటికాలి మీద లేచింది. రెండో గడిలోనే పక్కకు పడిపోయింది. పిల్లలు గొల్లున నవ్వారు. లేచి మళ్లీ పడింది, మళ్లీ అదే పక్కకు.

"తమ్ముడు లేకుంటే ఒళ్లు తేలిపోతున్నట్టున్నది పంతులమ్మా" అంది, మోకాలు దులుపుకుంటూ. చంకలో బరువు లేకుండా నిలబడటం ఆ పిల్లకు తెలియదు.

వారం రోజులు పడుతూనే ఉంది. ఆ తర్వాత ఒకనాడు, ఒక్క గీతా తొక్కకుండా చివరి గడిదాకా పోయి, తిరిగి వచ్చింది. ఐలవ్వ పకపకా నవ్వడం అదే మొదటిసారి విన్నాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. అప్పటికి నా పెళ్లయి తొమ్మిదేళ్లు. మాకు పిల్లలు లేరు. ఐలవ్వ తమ్ముణ్ని చూసి మిగతా ఆడపిల్లలు "మేం గూడ జర పట్టుకుంటం పంతులమ్మా" అని చేతులు చాచేవాళ్లు. "మీరు పడేస్తరు, పోండ్రి" అని కసురుకునేదాన్ని. వాడు నా భుజం మీద తల ఆన్చి నిద్రపోతే గంట కొట్టినా తిరిగి ఇవ్వబుద్ధయ్యేది కాదు.

వానలు మొదలయ్యాక వాళ్ల బాపుకు దూరాన వేరే బాయికి బదిలీ అయింది. వెళ్లే రోజు ఐలవ్వ తమ్ముణ్ని ఎత్తుకుని బడికి వచ్చింది.

"పోతున్నం పంతులమ్మా."

"ఆడ గూడ బడి ఉంటది బిడ్డా. మంచిగ ఆడుకో."

తమ్ముణ్ని ఇంకో చంకకు మార్చుకుంది. "గా బడిల తమ్ముణ్ని ఎవలు పట్టుకుంటరు?"

పిల్లలే వంతులు వేసుకుని ఎత్తుకోవడం నేర్పి ఉంటే, ఆ పద్ధతి ఆమె వెంట ఆ ఊరికీ పోయేది. నా ఆశకొద్దీ నేర్పలేదు.

ఆ తర్వాత పనిచేసిన ప్రతి బడిలో తొక్కుడు బిళ్లకు ఒక రూలు కలిపాను. ఎవరు అవుట్ అయితే వాళ్లు చంటిబిడ్డను ఎత్తుకోవాలి. పిల్లలు అదీ ఆటలో భాగమే అనుకున్నారు. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఎత్తుకొచ్చిన పిల్లలందరూ ఆడారు. నేను పక్కన నిలబడి చూసేదాన్ని. ఆటలోనే లేనిదాన్ని, అవుట్ అయ్యేదెట్లా? నా వంతు మళ్లీ రాలేదు.