కడ్డీ మీది గాటు

శుక్రవారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. తుపాకీ మూతికీ రాతి మీది కౌజుపిట్టకూ మధ్య సుమారు ముప్ఫై నాలుగు మీటర్లు. గురిపెట్టిన ముసలాయనకూ నాకూ మధ్య రెండున్నర. ఒమాన్‌లోని ఇబ్రి నుంచి పదిహేడు కిలోమీటర్లు వచ్చాం. ఆ వేటకు అనుమతి లేదని ముగ్గురికీ తెలుసు.

ముసలాయనకు ఖర్జూరపు తోట ఉంది. మూడోవాడు ఆ తోటలో పనిచేసే జగిత్యాల వైపు మనిషి. నేను ఊళ్లోని ఒక మెషిన్ షాపులో కొలతల తనిఖీ చేసేవాణ్ణి. ఆయన తాతగారి చెకుముకి తుపాకీ నిప్పు రాల్చడం మానేస్తే నా దగ్గరికి పంపారు. రాయి మార్చాను, స్ప్రింగు సరిచేశాను. అక్కడితో ఆగవలసింది. మూతిలోంచి మందు కూరే ఇనుప కడ్డీ తుప్పు పట్టి ఉంది. దాని మీద అర మిల్లీమీటరు లోతున ఒక గాటు. లోపమనుకున్నాను. ఎవరూ అడగకుండానే లేత్ మీద తిప్పి నున్నగా చేశాను. గురువారం సాయంత్రం అప్పగిస్తూ ఆ మెరుపును ప్రత్యేకంగా చూపించాను కూడా.

శుక్రవారం ఆయన ఖాళీ అవునో కాదో చూడటానికి గొట్టంలో కడ్డీ వేసి, బొటనవేలితో పైనుంచి కిందికి తడిమాడు. చూపు మందగించిన మనిషి. వేలు ఎక్కడా ఆగలేదు.

"ఖాలీ హై. బారూద్ డాలో," అన్నాడు.

తోటవాడు మందు పోస్తూ నా వైపు చూసి నవ్వాడు. "కూర మనకు దక్కుతదంటవా అన్నా, ఈకలేనా?"

"ముందు పిట్టను పడనియ్యి."

ముసలాయన మీట నొక్కగానే గొట్టం మధ్యకు చీలింది.

ఆసుపత్రి వరండాలో ముసలాయన కొడుకు చెప్పాడు: తండ్రి నిన్న సాయంత్రమే ముచ్చటపడి తుపాకీ నింపాడు, పిట్టలు రాలేదు, తెల్లారేసరికి మరిచిపోయాడు. "నింపిన దాంట్లో మళ్లీ పోసింది ఎవరు?"

"ఆయన పొయ్యమంటేనే పోసిన సాబ్," అన్నాడు తోటవాడు. తర్వాత నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "కడ్డీ మీద గాటుండె అన్నా. గొట్టం ఖాళీ ఉంటే అది లోపలికి దిగుతది. మందుంటే నాలుగు వేళ్లంత పైకి నిలుస్తది. ఏలు పెట్టి చూస్కుంటడు, ఎన్నడు తప్పలే. ఇయ్యాల ఎట్ల తప్పిండో."

గాటు తగలకపోతే ఖాళీ అనే కదా ఆ వేలికి తెలిసేది.

కొడుకు నన్నే అడిగాడు. "మీకు ఇవన్నీ తెలుసు. కారణం ఏమిటి?"

"మందు రెట్టింపు పడింది," అన్నాను.

కొలతగా ఆ వాక్యంలో తప్పు లేదు. దాన్ని విని తోటవాడి ముఖం నా వైపు తిరిగింది. మిగతా వాక్యం కోసం కాసేపు చూశాడు. నేను గోడ మీది సూచనలు చదువుతూ నిలబడ్డాను.

పదకొండో రోజున అతను మస్కట్ విమానాశ్రయం నుంచి ఫోన్ చేశాడు. "అందరు నా చెయ్యే తప్పంటున్నరన్నా. నన్ను నువ్వన్న నమ్ముతున్నవా?"

"నమ్ముతున్నాను," అన్నాను.

ముసలాయనకు ఎడమ చేతి వేళ్లు రెండు, ఎడమ చెవి వినికిడి పోయాయి. ఆ ఇంటికి తుపాకీ. తోటవాడికి తొమ్మిదేళ్ల పని, వీసా. పిట్టకు ఏమీ కాలేదు. నాకూ ఏమీ కాలేదు.