పనసకాయ తెలివి

ఆ రోజుల్లో 'నాకు తెలియదు' అన్న మాట నా నోట వచ్చేది కాదు. చదివింది ఐదో తరగతి (ఇలా రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించండి), చేరింది అరకులో పళ్ల డాక్టరమ్మ దగ్గర సాయానికి. పన్ను విరిగి వేరు మిగిలితే ఆవిడ అందులో పీచుతో చేసిన సన్నటి పుల్ల దించేది. దాన్ని పోస్టు అంటారు. పైకి మిగిలిన కొస చుట్టూ తెల్లటి ముద్ద పెట్టి, నీలం లైటు చూపించి గట్టిపరిచేది. వారం తర్వాత దాని మీద పన్నులాంటి టోపీ. పుల్లా ముద్దా అందించడం నా పని. ఆ ముద్దేమో గ్లౌజులకి అంటుకుని సాగేది, నాకు ఆలస్యమయ్యేది. హుకుంపేట దగ్గర మా ఊళ్లో పనసకాయ కోసే ముందు ఎవరైనా చేతికి నూనె రాసుకుంటారు. నేనూ తలకి రాసుకునే వలిసె నూనె ఒక చుక్క గ్లౌజు వేళ్లకి పూశాను. ముద్ద అంటుకుంటే ఒట్టు. "ఈరోజు నీ చెయ్యి తిరిగిందే" అంది డాక్టరమ్మ. ఆ పొగడ్తని ఇంటిదాకా మోసుకెళ్లాను.

ఆ రోజు కుర్చీలో ఉన్నది మా పెదమావయ్య. ఇటుకల పండక్కి థింసా ఆటలో మోరి బూర ఊదేది ఆయనే. ముందుపన్ను లేకపోతే గాలంతా పక్కకి పోతుంది. పండగ పది రోజుల్లో ఉందనగా ఆయన అడ్డాకులో ఏదో చుట్టి తెచ్చాడు. విప్పితే ఆ తెల్ల ముద్ద.

"ఏటే గుంటా, ఇదేటి సేసినావు? జావ తాగతంటే పనస తొన నాగ జారి ఒచ్చీసినాది."

డాక్టరమ్మ అద్దం పెట్టి చూసింది. "పోస్టు వేరులో గట్టిగానే ఉంది. పైముద్దే దాన్ని పట్టుకోలేదు. మందు పాతదేమో. మళ్లీ ఊడితే మాత్రం పన్ను తీసెయ్యాల్సిందే."

పనస తొన అన్న మాట చెవిన పడగానే గ్లౌజుకి పూసిన నూనె గుర్తొచ్చింది. ఆ పుల్ల పైకొస పట్టుకుని అందించింది నేనే. నోరు మూసుకుంటే నా ఉద్యోగం ఉంటుంది, మావయ్య పన్ను ఉండదు. "మందు తప్పు కాదు మేడమ్, నా నూనె" అని నా సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను.

ఆవిడ మూత తీసి వాసన చూసింది. "ముద్ద నీ చేతికి అంటకూడదనుకున్నావు. పోస్టుకీ అంటలేదు" అని నవ్వు దాచుకోడానికి మాస్కు పైకి లాక్కుంది.

"పనిలోంచి తీసీకండమ్మా" అన్నాడు కుర్చీలోంచి మావయ్య. "పనసకాయ బాగా కోత్తాది."

ఈసారి కొత్త గ్లౌజులు వేసుకుని పోస్టు కొసని స్పిరిట్‌తో నేనే తుడిచాను. ముద్ద నా వేళ్లకి అంటుకుని సాగింది. అంత సంతోషంగా ఎప్పుడూ అంటించుకోలేదు.

పండగనాడు మోరి అవతలి కొండదాకా వినిపించింది. ఆ పన్ను ఇప్పటికీ ఉంది, కోడి ఎముక కొరికి మరీ చూపిస్తాడు (వద్దంటే వినడు). ఇప్పుడు కొత్తగా చేరే అమ్మాయిలకి పని నేర్పేది నేనే. ముందు వాళ్ల చేతులు వాసన చూస్తాను, ఎందుకో చెప్పను. ఇంట్లో పనసకాయ కోసే రోజు మాత్రం చేతికి నూనె రాసుకుంటూ అప్పటి నాలోని ఆ గుంటని తలుచుకుంటాను. దాని తెలివిలో లోపం లేదు పాపం, ముందున్నది పనసకాయ కాదంతే.