కొబ్బరి గెలతో కొండకు సాధన

పల్లపు నేలలో పుట్టినవాడికి కొండ ఎక్కే అర్హత లేదని తీర్పు చెప్పే అధికారం ఎవరికుంది?

నా మొదటి సుదూర సైకిలు యాత్ర మారేడుమిల్లి ఘాటు రోడ్డుకు. బయల్దేరడానికి నెల ముందే మా బృందనాయకుడు అందరి ముందూ, "కోనసీమోళ్ళకి ఏటిగట్టే హిమాలయం" అని నవ్వాడు. అతన్ని కొండ మీద వెనక వదిలేయాలన్న కసితో, సైకిలుకు కొబ్బరి గెల కట్టుకుని రోజూ గోదావరి గట్టు ఎక్కేవాణ్ణి.

ఒక ఉదయం ముక్తేశ్వరం దగ్గర గోదావరి దాటించే పంటు మీద, కోర్టు వాయిదాకు వెళుతున్న ఒక పెద్దాయన ఆ గెలను చూశారు.

"కాయలు అమ్ముతారాండీ?"

"బరువు కోసమండీ" అంటూ సంగతంతా చెప్పాను.

"ఆయ్! మీరు ముందెళ్ళిపోతే మీ మొహం ఆయనకెలా కనపడుద్దండీ? పక్కనే తొక్కండి. ప్రశ్నలడగండి. ఆయాసంలో జవాబు రాదు. నేను మా ప్రతివాది పక్కనే కూర్చుని కోర్టుకెళ్తానండీ. ఇదిగో, ఈయనే."

పక్కనున్న ముసలాయన మొహం తిప్పుకున్నారు.

మర్నాటినుంచి గట్టు ఎక్కుతూ బిగ్గరగా వాదించడం సాధన చేశాను. ఘాటులో నాయకుడి పక్కనే తొక్కుతూ, "చదునైన ఊళ్ళో పుట్టడం నేరమా?" అని అడిగాను. రెండోసారి అడిగేసరికి అతను సైకిలు దిగాడు.

మిమ్మల్ని హేళన చేసినవారిని దాటి వెళ్ళిపోకండి. వారి పక్కనే ఉండి, జవాబు వచ్చేదాకా అడగండి.