మూడో బెంచీలో చోటు

ఉదయం టిఫిన్ చేస్తుండగా మా పదో తరగతివాళ్ల వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. సోషల్ టీచరుగారు పోయారు. రేపల్లెలో తెనాలి బస్సెక్కి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

తెనాలి శివార్లలో, చుండూరు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది మా జిల్లా పరిషత్ హైస్కూలు. పొలం కూలీల పిల్లలు, ఊళ్లో చిన్న దుకాణాలవాళ్ల పిల్లలు, అందరం అక్కడే. టీచరుగారు పాఠానికి ముందు బోర్డు మీద మా చుట్టుపక్కల కాలవలు గీసేవారు. "ముందు మీ ఊరెక్కడుందో చుక్క పెట్టండర్రా. ఢిల్లీకి తర్వాత వెళ్దాం" అనేవారు. మేం పోటీపడి లేచేవాళ్లం. సుద్ద అంటిన వేళ్లతోనే కళ్లజోడు సర్దుకునేవారేమో, మధ్యాహ్నానికల్లా ఆవిడ చెంపల మీద తెల్లటి మరకలుండేవి.

ఆవిడ కొడుకు మా తరగతే. వాడెప్పుడైనా మర్చిపోయి "అమ్మా" అంటే క్లాసంతా గొల్లుమనేది. ఆవిడా నవ్వేసేవారు.

పదో తరగతి వానాకాలంలో వాడికి జ్వరం వచ్చింది. గుంటూరు తీసుకెళ్లినా దక్కలేదు.

కొన్నాళ్లకి టీచరుగారు బడికొచ్చారు. మేం తలెత్తి ఆవిణ్ణి చూడలేకపోయాం. బోర్డు దగ్గరకి ఎవరూ లేవలేదు. మూడో బెంచీలో వాడు కూర్చునే చోటుని ఒకరికొకరం చెప్పుకోకుండానే ఖాళీగా వదిలేశాం.

అప్పుడే రేపల్లె దగ్గర నగరం అనే ఊరి వైపు నుంచి ఒకబ్బాయి కొత్తగా చేరాడు. మిగతా బెంచీలన్నీ నిండి ఉన్నాయి. సంచి పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఏంటి నాన్నా, అక్కడే నిలబడ్డావు? అదిగో, చోటుంది కదా" అన్నారు టీచరుగారు.

ఆ బెంచీలోనే కూర్చునే, టీచరుగారి కొడుకు స్నేహితుడు గభాలున లేచాడు. "అక్కడొద్దు టీచర్! అది వాడి చోటు" అంటూ ఏడ్చేశాడు.

ఆవిడ వెళ్లి అతని తల మీద చెయ్యి వేశారు. "వాడి చోటేరా. మరి ఇతనెక్కడ కూర్చోవాలి?"

కొత్తబ్బాయి భయంభయంగా కూర్చున్నాడు. టీచరుగారు బోర్డు మీద కాలవ సగం గీసి ఆపేశారు. మావైపు తిరక్కుండా అలాగే ఉండిపోయారు. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి ఆ స్నేహితుడే కళ్లు తుడుచుకుని, కొత్తబ్బాయిని చెయ్యి పట్టుకుని బోర్డు దాకా తీసుకెళ్లాడు.

"ఇతని ఊరెక్కడ పెట్టాలండి టీచర్?"

"కిందకి రండి" అన్నారావిడ. "ఇంకా కిందకి. సముద్రం వైపు."

పోయిన వేసవిలో టీచరుగారిని చూడ్డానికి వెళ్తే నా తల నిమిరి, "అప్పుడే తెల్ల వెంట్రుకలొచ్చాయే నీకు!" అని నవ్వారు. తర్వాత, "మీరొస్తుంటేనే, వాడిప్పుడు ఎంతవాడయ్యుండేవాడో తెలుస్తుందే నాకు" అన్నారు. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

రిటైరయ్యాక కూడా బడికి వెళ్లి పాఠాలు చెబుతూనే ఉన్నారట. అందుకే సమాధుల తోటకి ఇప్పటి పిల్లలు కూడా యూనిఫాంలో, సైకిళ్ల మీద వచ్చారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అందరం వరసగా గుప్పెడేసి మట్టి వేశాం. ఒకమ్మాయి మట్టి తీసుకుంది గానీ వెయ్యలేకపోయింది. అందరూ కదులుతుంటే గుప్పెట అలాగే బిగించుకుని సైకిలెక్కింది. ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని, తడబడుతూ రోడ్డెక్కి వెళ్లిపోయింది.