సాక్ష్యం వాపసు తీసుకున్న రిబ్కమ్మ

మా చొప్పదండిలో రిబ్కమ్మ చేత బొంత కుట్టించుకోవాలంటే కాస్త గుండె ధైర్యం ఉండాలి. పాత చీరలు మూటగట్టుకుని ఆమె గడప తొక్కామా, ఒక్కొక్క చీరనూ వెలుగుకు పట్టి చూస్తుంది. ఇది పీలికలైంది, ఇది మీ అత్తగారి కాలం నాటిది, దీంతో కుడితే రెండు చలికాలాలు కూడా ఆగదు, తీసుకుపో అంటుంది. పని పోతుందన్న బెంగే ఉండదు. ఒకసారి పెళ్లి విందులో పెళ్లికూతురి తండ్రి, వంటలెలా ఉన్నాయని వరుసగా అందరినీ అడుగుతూ వచ్చాడు. అందరం బాగున్నాయన్నాం. రిబ్కమ్మ మాత్రం పప్పులో ఉప్పు ఎక్కువైందనీ, అడుగంటిన వాసన కూడా వస్తోందనీ చెప్పింది. ఆ రోజు ఆమె పక్కన కూర్చున్న పాపానికి నా విస్తట్లో కూడా పెరుగు పడలేదు.

నా పేరు నవనీత. అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పి నేర్పి దిగిపోయినదాన్ని. రిబ్కమ్మ ఇంటికీ మా ఇంటికీ నడుమ ఒక్కటే గోడ. మా మెథడిస్టు సంఘంలో ఆడవాళ్ల కూడికలు నడిపే పని కూడా నా నెత్తినే ఉంది కాబట్టి, ఆమె ముక్కుసూటితనం తెచ్చే తలనొప్పులన్నీ ముందు నా దగ్గరికే వస్తాయి. ఎన్ని వచ్చినా ఆమె అంటే నాకు ప్రాణం. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది.

మూడేళ్ల కిందట ఆమెకు కడుపు ఉబ్బడం మొదలైంది. గ్యాస్ అనుకుంది. మేమందరం గ్యాసే అన్నాం. కడుపు సంగతి వచ్చేసరికి మా వాడలో డాక్టరు కానివాళ్లు లేరు. ఒకరు వాము నమలమన్నారు, ఒకరు సోడా తాగమన్నారు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయి, కుచ్చిళ్లు దోపుకోవడానికి కూడా వీల్లేనంతగా పొట్ట పెరిగాక, భర్త అబ్రహాం కరీంనగర్ తీసుకుపోయాడు. అండాశయంలో క్యాన్సర్ అన్నారు. అది పొట్టంతా పాకింది. ఆపరేషన్ అయింది, కీమో అయింది. నున్నటి తలమీద కొంగు కప్పుకుని మా అరుగు మీద కూర్చుంటే నేను ఆమె మొహంలోకి చూడలేకపోయేదాన్ని.

ఆ తర్వాత రక్తం తీసి ఏదో పెద్ద పరీక్షకు పంపించారు. ఫలితం వచ్చిన రోజు నేనూ వెంట వెళ్లాను. బొంతలు కుట్టే మనిషని తెలిసింది కాబట్టి డాక్టర్ మమతారాణి సూదీ దారంతోనే చెప్పింది. మన ఒంట్లో కణాలు రోజూ ఎక్కడో ఒకచోట చిరుగుతూనే ఉంటాయట, వాటంతట అవే కుట్టుకుంటూ ఉంటాయట. అలా కుట్టుకోవడానికి వాటి దగ్గర ఒకటికి రెండు సూదులుంటాయి. రిబ్కమ్మకు పుట్టుకతో వచ్చిన ఒక లోపం వల్ల ఆ క్యాన్సర్ కణాల్లో ఒక సూది విరిగిపోయింది. ఇప్పుడు ఇవ్వబోయే మాత్ర రెండో సూదిని పట్టి ఆపుతుంది. కుట్టుకునే దారిలేక ఆ కణం చచ్చిపోతుంది. మంచి కణాలకు మొదటి సూది ఇంకా ఉంది కాబట్టి అవి చాలావరకు తట్టుకుంటాయి. గురి చూసి కొట్టే మందన్నమాట. అందరికీ పనిచేయదు, ఈ లోపం ఉన్నవాళ్లకు బాగా పనిచేస్తుంది. పొద్దునొకసారి, రాత్రొకసారి, రెండేళ్లు వేసుకోవాలి.

ఇంకో మాట కూడా చెప్పింది. ఆ లోపం రక్తంలో దిగివచ్చేది కాబట్టి బిడ్డకూ ఉండొచ్చు, పరీక్ష చేయించండి, ముందే తెలిస్తే కాపాడుకోవచ్చు అంది. రిబ్కమ్మకు ఒక్కతే బిడ్డ, స్తుతి. బోథ్‌లో పత్తి చేసుకునే ఇంటికి ఇచ్చారు. ఇద్దరు చిన్నపిల్లలు. ఆ మాట వినగానే స్తుతి భయపడిపోయింది, నెలల తరబడి ఏదో ఒక సాకు చెప్పింది. చివరికి పత్తి తీతలు అయ్యాక వస్తానని ఒప్పుకుంది.

మాత్రలు ఎలా దొరికాయో అదొక పెద్ద కథ, ఇక్కడ అక్కర్లేదు. దొరికాయి. వాటితో పాటు వికారం వచ్చింది, నీరసం వచ్చింది, ఒంట్లో రక్తం తగ్గింది. మా ఇంట్లో ఆవాలు చిటపటమంటే అటువైపు ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. అయినా ఒక్క పూట తప్పలేదు. ఏడాది గడిచాక స్కాన్ తీసి, ఇప్పుడేమీ కనిపించడం లేదు, మాత్రలు మాత్రం ఆపొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటలో మొదటి సగమే మా సంఘంలో అందరికీ చేరింది.

కష్టం గట్టెక్కిన మనిషి ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం మా ఆచారం. అది దేవుని ముందు చెప్పే మాట. చెప్పగానే అందరం స్తోత్రం అంటాం. నిజం చెప్పాలంటే కొంచెం సాగదీసేవాళ్లూ ఉన్నారు. పడిశం పట్టినవాళ్లు కూడా చావు అంచుదాకా పోయివచ్చినట్టు చెబుతారు, మేమూ తప్పు పట్టం. రిబ్కమ్మ అంతవరకు ఎన్నడూ లేవలేదు. ఆ రోజు లేచింది. సంతోషం ఆమెను ఊపేసింది, కళ్లనీళ్లు ధారగా కారుతున్నాయి.

“దేవుడు నన్ను పూర్తిగ బాగుజేసిండు. నా ఒంట్ల ఇప్పుడు ఏ రోగం లేదు” అంది.

కప్పు లేచిపోయేలా స్తోత్రం అన్నాం. పిల్లలెవరో ఫోన్‌లో తీసి అందరికీ పంపారు.

తర్వాత కొన్ని వారాలకు రిబ్కమ్మ మొహం తేటబడింది. నడకలో చురుకు వచ్చింది. సాక్ష్యం మహిమ అని ఆడవాళ్లంతా మురిసిపోయారు, నేనూ మురిసిపోయాను. ఒకరోజు నేను మామిడికాయ తొక్కుకు పోపు వేస్తుంటే, ఆ వాసనకే వచ్చానంటూ వచ్చి కూర్చుని, వేడన్నంలో కలిపి పెట్టమంది. రెండోసారి కూడా వడ్డించుకుంది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఆవాల వాసనకు పారిపోయే మనిషికి ఈ ఆకలెక్కడిది? మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాను. ఆమెను అడిగితే చాలు, దాచడం రాదు. వేసుకోవడం లేదంది. ఆ నెల రక్తపరీక్షకు కూడా పోలేదంది.

“సాక్ష్యం చెప్పిన తెల్లారి మాత్ర చేతుల వట్టుకున్న నవనీతక్కా. రోగం లేదంటి గద, మరి గిదెందుకు మింగాలె? మింగితె దేవుని ముంగట అన్నది అబద్దమైతది.”

నాకు ఒళ్లు మండింది. మందులు కూడా దేవుడిచ్చినవేననీ, డాక్టరమ్మ చదువూ ఆయన ఇచ్చిందేననీ నాకు తెలిసినదంతా కూడికలో చెప్పినట్టు చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది. మందులతో తనకు ఏ తగవూ లేదంది. నిజమే, కీమో ఎక్కుతున్నంతసేపూ ప్రార్థన చేసుకున్న మనిషి, ఆ రెంటినీ ఎన్నడూ వేరుచేసి చూడలేదు. ఆమె తగవంతా తన నోటి నుంచి వచ్చిన మాటతోనే. మాత్ర ఆపగానే ఒళ్లు తేలికపడేసరికి, ఆ మాటే నిజమేమోనన్న ఆశ కూడా పుట్టినట్టుంది. ఆ ఆశ చూస్తేనే నాకు ఎక్కువ భయమేసింది.

చెయ్యి పట్టుకుని పాస్టరు ఫిలిప్ దగ్గరికి లాక్కుపోయాను. చిన్నవాడు, మంచివాడు, మా సంఘానికి కొత్తగా వచ్చాడు. విషయం వినగానే ఆయన మొహం పాలిపోయింది. ఇవాళే మొదలుపెట్టమ్మా అని బతిమాలాడు. ఎవరికీ చెప్పక్కర్లేదు, దేవుడు హృదయం చూస్తాడు అన్నాడు. ఎంత తెలివైన మాట అనుకున్నాను. రిబ్కమ్మ మాత్రం ఆయన్ని నిదానంగా అడిగింది.

“అంటే తలుపు పెట్టుకొని మింగాల్నా అయ్యగారూ?”

ఆయన మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపాడు. వచ్చినట్టే తిరిగి వచ్చాం.

అబ్రహాం అప్పుడు సుల్తానాబాద్‌లో ఒక రైస్ మిల్లులో పనిచేస్తున్నాడు. శనివారం సాయంత్రం ఇంటికొచ్చి ఆదివారం రాత్రి పోయేవాడు. అందుకే ఆయనకు ఏమీ తెలియలేదు. ఆ శనివారం ఆయన కాళ్లు కడుక్కునే దాకా కూడా ఆగకుండా గోడ మీది నుంచే అంతా చెప్పేసి, ఆ వెంటే వాళ్లింటికి వెళ్లాను. అబ్రహాం నోటి నుంచి మాట రావడమే గగనం. తలనిండా ఊక దుమ్ముతో అలాగే గడపలో కూలబడ్డాడు. అక్కడి నుంచే భార్య వైపు చూశాడు.

“అబద్దాలదని మందిని అననియ్యి. నాకు నువ్వు గావాలె” అన్నాడు.

రిబ్కమ్మ ఏడ్చింది. అయినా సరే అనలేదు. ఆ మొండితనానికి నేను ఓడిపోయాను, ఇక ఇంటికి పోదామని లేచాను కూడా.

అప్పుడే బోథ్ నుంచి స్తుతి తల్లికి ఫోన్ చేసింది, స్పీకర్‌లో మాకూ వినిపించింది. గొంతు నిండా సంతోషం. ఇక పరీక్షకు రావడం లేదని చెప్పడానికి చేసింది. తల్లి సాక్ష్యం చెప్పిన వీడియో చూసినప్పటి నుంచి తన భయమంతా పోయిందట. వాళ్ల అత్తగారు కూడా చూసి కళ్లనీళ్లు పెట్టుకుందట.

“నీకే పూర్తిగ తీసేసిన దేవుడు నాకు రానిస్తడా అవ్వా? ఇగ నాకెందుకా పరీక్ష?”

రిబ్కమ్మ మళ్లీ మాట్లాడతానని పెట్టేసింది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది.

“నా మాట పోయి నా బిడ్డ తొవ్వకు అడ్డం వడ్డదక్కా. గా మాట వాపసు తీసుకుంట” అంది.

నాకు అర్థం కాలేదు. సాక్ష్యం వాపసు తీసుకోవడం మా సంఘంలో నేను పుట్టి బుద్ధెరిగిన తర్వాత చూడలేదు, మా అమ్మ కాలంలోనూ వినలేదు. ముందు మాత్ర వేసుకో తల్లీ అని అబ్రహాం, నేను చెరోవైపు మొత్తుకున్నాం. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె కోప్పడలేదు. వెంటనే మొదలుపెట్టమంది, సోమవారం రక్తపరీక్షకు రమ్మంది, ఈ నడుమ లోపల ఏం జరిగిందో మళ్లీ స్కాన్ తీస్తేనే తెలుస్తుందంది. రిబ్కమ్మ అంతా విని, ముందు మాట, తర్వాత మాత్ర అంది. ఎంత చెప్పినా వినలేదు, తెల్లారేదాకా ఆగాల్సిందే అయింది.

ఆదివారం సాక్ష్యాల వేళకు రిబ్కమ్మ లేచి నిలబడింది. ఇంకో సంతోషం వినబోతున్నామని సంఘ పెద్ద సుధాకర్ నవ్వుతూ సర్దుకు కూర్చున్నాడు.

“నేను గా దినం చెప్పిన సాక్ష్యం వాపసు తీసుకుంటున్న. దేవుడు నన్ను ఇప్పటిదాంక బతికిచ్చిండు, గది నిజం. రోగం పూర్తిగ వోయిందన్న, గది నాకు తెల్వకుంటనే అన్న. కనవడ్తలేదని డాక్టరమ్మ చెప్పింది, లేదనలే. మాత్రలు బంద్ జేసిన, తప్పు జేసిన. మింగకుంటె మళ్ల రావచ్చు, మింగినా రావచ్చు. గిది రక్తంల దిగుతదట. నా బిడ్డకు గూడ ఉండచ్చు. స్తుతీ, పరీక్షకు రా బిడ్డా. నాకు భయమైతుంది.”

ఎవరూ స్తోత్రం అనలేదు. ఇలాంటిదానికి అనాలో వద్దో ఎవరికీ తెలియదు. సుధాకర్ లేచి పాస్టరు చెవిలో ఏదో గొణిగాడు, విశ్వాసంలో బలహీనులు ఏమైపోవాలన్న ముక్క ముందు వరుసలో ఉన్న నాకు వినిపించింది. పాస్టరు పాటల పుస్తకం తెరిచి పట్టుకుని ఏ పాట పాడించాలో తోచక నిలబడ్డాడు. రిబ్కమ్మ కూర్చోలేదు.

మా చర్చిలో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చుంటారు. నడుమ దారి దాటి ఇటు ఎవరూ రారు. మగవాళ్ల వైపు గోడ దగ్గర నుంచి అబ్రహాం లేచాడు. అంత మంది చూస్తుండగా ఆ దారి దాటి, ఆడవాళ్ల నడుమ నుంచి తలవంచుకుని నడిచివచ్చాడు. చొక్కా జేబులోంచి మాత్ర తీసి భార్య అరచేతిలో పెట్టాడు. నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. ఆమె అందరి ముందే మింగింది. ఆయన తిరిగి అటువైపు పోలేదు. ఆరాధన అయ్యేదాకా ఆడవాళ్ల జంపఖానా మీద, ఆమె పక్కనే మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. లేవమని ఆయనతో ఎవరూ అనలేదు.

ఆ మాటలు కూడా ఎవరో ఫోన్‌లో తీశారు. మధ్యాహ్నానికి అవి బోథ్ చేరాయి. సాయంత్రం స్తుతి ఫోన్ చేసింది. ఏడుస్తూనే, రక్తం ఇవ్వడానికి పొద్దున ఏమీ తినకుండా రావాలా అవ్వా అని అడిగింది. రిబ్కమ్మ తనకు తెలియదనీ, డాక్టరమ్మను అడిగి చెబుతాననీ అంది.