జంపఖానా దారం చుట్టిన కళ్లద్దాలు

మా బావకు చెవుడు. ఇంత తేలిగ్గా రాస్తున్నానంటే ఇప్పుడది కొత్తవాడలో అందరికీ తెలిసిన సంగతి కాబట్టే. రెండేళ్ల పాటు మాత్రం అది నాకూ ఆయనకూ మధ్య గుట్టు. గుట్టు అని మేమనుకున్నాం, అంతే.

నాది సుబేదారిలో ఫోన్లు బాగుచేసే దుకాణం. బావ, అంటే మా అక్క భర్త, కొత్తవాడలో జంపఖానాలు అమ్ముతాడు. వయసులో ఉన్నప్పుడు మగ్గం మీద కూర్చున్నవాడే. మోకాళ్లు మొరాయించాక నేసేవాళ్ల దగ్గర కొని అమ్మడం మొదలుపెట్టాడు. అయితే వాడలో ఆయనకు గౌరవం కొట్టు వల్ల వచ్చింది కాదు. ఆయన పెద్దమనిషి. గోడ దగ్గర తగువొచ్చినా, అన్నదమ్ములు వేరుపడినా పంచాయితీకి ఆయన్నే పిలుస్తారు. ఎవరి మాటకూ అడ్డం రాడు, ఆఖరుదాకా ఓపిగ్గా వింటాడు అని పేరు. వింటాడని పేరు తెచ్చుకున్న మనిషికి చెవులు మొరాయిస్తే ఎవరితో చెప్పుకుంటాడు?

నాక్కూడా చెప్పలేదు. నేనే కనిపెట్టాను. రెండేళ్ల కింద హైదరాబాదు నుంచి తెచ్చిన పాత సామాను పెట్టెలో ఒక నల్ల కళ్లద్దాల జత దొరికింది. చూడ్డానికి మామూలువే, కాడలు మాత్రం కాస్త లావు. ఆ కాడల్లో చిన్న స్పీకర్లు, బ్యాటరీ. ఫోనుకు కలిపితే చెవిలో ఏమీ దూర్చుకోకుండానే పాట చెవి పక్కన వినిపిస్తుంది. ఫోను మైకు విన్నదాన్ని పెద్దది చేసి ఇటు పంపే ఏర్పాటు కూడా ఉంటుంది. తమాషాకు అది పెట్టి, అద్దాలు బావ ముఖానికి తగిలించి, చాయ్ తాగుతావా బావా అని మామూలు గొంతుతో అడిగాను.

ఆయన నా వైపు తిరిగాడు. "జర ఇంకోపాలి అను" అన్నాడు.

మళ్లీ అన్నాను. కళ్లు తడిశాయో లేదో నల్లద్దాల వెనక నాకు కనపడలేదు గానీ, కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. చాయ్ చల్లారాక చెప్పాడు, ఎన్నేళ్లుగానో పెదవులు చూసి అర్థం చేసుకుంటున్నానని. లేచేముందు నాతో ఒట్టు వేయించుకున్నాడు.

"ఎవ్వలకు చెప్పకు. మీ అక్కకు గూడ. గుడ్డోనికి చెయ్యిచ్చి రోడ్డు దాటిస్తరు. చెవిటోన్ని చూసి నవ్వుతర్రా."

అలా మా బావ నీడలోనూ నల్లద్దాలు పెట్టుకునే మనిషయ్యాడు. కంటికి వెలుతురు పడటం లేదని చెప్పుకున్నాడు. ఇక చూడండి, వాడంతా కంటి వైద్యులే. ఒకరు తేనె చుక్క వేయమన్నారు, ఒకరు పొద్దున్నే పచ్చగడ్డి మీద నడవమన్నారు. కొత్తవాడలో గడ్డెక్కడిదో చెప్పలేదు. మా అక్కయితే కంటికి మంచిదని పొన్నగంటి కూరకు కంకణం కట్టుకుంది. వారంలో నాలుగు రోజులు అదే. వలిచి వలిచి ఆమె వేళ్లు ఆకుపసరు రంగుకు తిరిగాయి. బావ నోరెత్తకుండా తినేవాడు, పాపం.

సాయంత్రానికి అద్దాల ఛార్జింగ్ అయిపోయేది. కాబట్టి ఇంట్లో ఆయనకు అవి ఉండేవి కావు. ఒకరోజు అక్క నాకు ఫోన్ చేసి, మీ బావ నేను పిలిస్తే పలకడం లేదు, నా మీద ఏం కోపమో తెలియడం లేదు అంది. కొట్టు ఫికర్లో ఉండుంటాడులే అన్నాను. ఎంత సులువుగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మొన్న ఎండాకాలం ఒక గురువారం పొద్దున్నే బావ నా దుకాణానికి వచ్చాడు. చేతిరుమాలులో కళ్లద్దాలు. బటన్ ఎంత నొక్కినా వెలగటం లేదట. ఛార్జింగ్ పెట్టినా ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆదివారం పంచాయితీ ఉందని చెప్పాడు. తండ్రి వదిలిన ఒక పెద్ద జంపఖానా మగ్గం, ఇద్దరు కొడుకులు. ఆ మగ్గం మీద పక్కపక్కన ఇద్దరు కూర్చుంటే గాని పని నడవదు. వీళ్లిద్దరికీ ఏడాదిగా మాటల్లేవు, మగ్గానికి బూజు పట్టింది. అన్న నాదంటాడు, తమ్ముడు నాదంటాడు. అక్కడ వినపడక తప్పు తీర్పు చెప్పానంటే నా పెద్దరికం మట్టిలో కలుస్తుందని బావ భయం.

కంపెనీకి ఫోన్ చేశాను. ఆ మోడల్ తయారు చేయడం ఎప్పుడో ఆపేశారట, విడిభాగాలు లేవట, బాగుచేయడం కుదరదట, కొత్తరకం ఏదో చూసుకోమని ఎంతో మర్యాదగా చెప్పింది ఫోనెత్తిన అమ్మాయి. నాకు ఒళ్లు మండింది. మనిషి తయారు చేసిన వస్తువును మనిషి విప్పలేడా? ఇరవై ఏళ్లుగా ఈ బల్ల ముందు కూర్చున్నాను, కాదు అన్న మాట నా నోట రాలేదు. అలా ప్రగల్భాలు పలికి, వేడిగాలి మిషన్ చేతిలోకి తీసుకున్నాను.

స్క్రూ ఒక్కటి లేదు, అంతా అతుకే. కుడి కాడను వేడి చేసి, అతుకు వెంట సన్న బ్లేడు పోనిచ్చాను. లోపల బ్యాటరీ ఉబ్బి ఉంది. దొంగ దొరికాడనుకుని ఉత్సాహంగా ఇంకాస్త లోపలికి నెట్టాను. బ్లేడు పోయి పోయి, మడత దగ్గర్నుంచి ఎడమ కాడకు వెళ్లే కాగితమంత పల్చటి వైరు మీద పడింది. తెగిపోయింది. అది అతికేది కాదు, దొరికేది అంతకన్నా కాదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ నా పని.

దాచిపెడదామనుకున్నాను, కానీ దాచేదెలా? బావకు చెప్పేశాను. తిడతాడనుకుంటే, ఒక చెవైనా పలుకుతుందా అని మాత్రం అడిగాడు. ఆ అడిగిన తీరుకు నాకు మరింత బాధేసింది.

రెండు రోజులు ఇంకే పని ముట్టలేదు. చేతికి పెట్టుకుని అడుగులు లెక్కపెట్టుకునే పట్టీలుంటాయి కదా, అలాంటి పాడైపోయిన దాంట్లోంచి బ్యాటరీ తీసి మీటరు పెట్టి చూశాను. బాగానే ఉంది. టంకం వేసి బటన్ నొక్కితే నీలం లైటు వెలిగింది. నేను బల్ల మీద గుద్దిన గుద్దుకు స్క్రూల డబ్బా కింద పడింది. చిక్కేమిటంటే కొత్త బ్యాటరీ పిసరంత లావు, కాడ మూసుకోవడం లేదు. గమ్ము పెడితే ఊడొస్తోంది, టేపు చెమటకు జారిపోతోంది. శనివారం బావ వచ్చి కాసేపు చూసి, ఇటు తే అన్నాడు. జేబులోంచి ఎర్ర నూలు, నీలం నూలు తీశాడు. ముడి ఎక్కడుందో కనపడకుండా, వరస మీద వరస, కాడ పొడవునా బిగించి చుట్టాడు. నేయడం మానేసి ఎన్నాళ్లయినా ఆ వేళ్లు తడుముకోలేదు. నల్లద్దాలకు ఒక పక్క జంపఖానా కాడ. వినిపించేది ఆ కుడి చెవికే.

ఒక చెవితోనే వినాలి కాబట్టి, ఎప్పటిలా ఫోను చొక్కా జేబులో పెట్టుకోవద్దని, బట్ట రాపిడికి మాట చెదురుతుందని, మాట్లాడేవాళ్ల ముందే పెట్టమని చెప్పాను. సరే అన్నాడు.

ఆదివారం పొద్దున స్కూటర్ మీద నేనే తీసుకెళ్లాను. మగ్గాల షెడ్డులో చాప పరిచారు. అన్నదమ్ములు చెరో మూలా ముఖాలు తిప్పుకుని కూర్చున్నారు. బావ ఫోను చాప మధ్యలో పెట్టి, కానివ్వండి అన్నాడు. గంటసేపు ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. బావ ప్రతి మాటా పట్టుకుని ఎదురు ప్రశ్నలు వేస్తుంటే, నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది. మధ్యలో మోకాళ్లు పట్టేశాయని లేచి, వాకిట్లో అరుగు మీద కూర్చోవడానికి వెళ్లాడు. ఫోను చాప మీదే ఉండిపోయింది.

బామ్మర్ది ముందు బావను ఎన్నయినా అనొచ్చు, మా వైపు అది రివాజు. అన్న నా వైపు చూసి కన్నుగొట్టి, తమ్ముడితో అన్నాడు, ఏడాది తర్వాత మొదటి మాట.

"ఆయినెకు ఏం వినవడ్తదిరా? ఎవ్వలేం చెప్పినా తలకాయ ఊపుతడు. గందుకే గదా అందరు ఆయిన్నే పిలుసుడు."

తమ్ముడు పక్కున నవ్వాడు. అన్నా నవ్వాడు. ఎదుటివాళ్లు నవ్వితే ముఖం మాడ్చుకుని కూర్చోవడం నాకు చేతకాదు. నేనూ నవ్వాను. అప్పుడు పడింది నా చూపు చాప మీది ఫోను మీద. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. చెయ్యి కదల్లేదు.

బావ లోపలికి వచ్చాడు. కూర్చోలేదు. వంగి ఫోను తీసుకున్నాడు.

"ఇద్దరు గలిసి మంచిగనే నవ్విన్రు, బయటికి వినవడ్డది. కలిసి నవ్వేటోళ్లకు పంచాది ఎందుకు? పొయ్యి మగ్గం మీద కూసోన్రి. ఇంకోపాలి మాత్రం చెవులున్నోన్ని పిలుసుకోన్రి."

అన్నదమ్ములు తలెత్తలేదు. ఆ మగ్గం మళ్లీ నడుస్తోందని తర్వాత విన్నాను. ఇద్దరూ కూర్చుంటున్నారో, కూలికి ఎవర్నైనా పెట్టుకున్నారో అడిగే ముఖం నాకు లేదు.

తిరుగు దారిలో బావ నా వెనక కూర్చున్నాడు. మలుపు దగ్గర స్కూటర్ నెమ్మదించాను. "మూడో నవ్వు నీదే గదా" అన్నాడు. అవునన్నాను. రేపు చెవుల దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు, మీ అక్కకు నేనే చెప్తానన్నాడు. నాలుగు తిట్టుంటే బాగుండేది.

ఇంట్లో అక్క పళ్లేలు పెట్టింది. మళ్లీ పొన్నగంటి కూరే. బావ అద్దాలు తీసి పీట పక్కన పెట్టి, కళ్లు బాగానే ఉన్నాయని, అసలు లోపం చెవులదని, ఎన్నేళ్లుగానో ఇంతేనని చెప్పాడు. రెండేళ్లు ఈ ఆకు నాతో వలిపించావా అని ఆమె విరుచుకుపడుతుందనుకుని నేను ముసిముసిగా నవ్వబోయాను. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"నేను పిలిస్తే పలుకకుంటే, నేనంటే మనసు ఇరిగిందనుకున్న. రోజూ గిదే ఏడ్పు నాకు."

బావకు అది వినపడలేదు. పెదవులు చూశాడు, అర్థమైంది. తల దించుకున్నాడు. అక్క నా వైపు తిరిగి, నీకు ముందే తెలుసా అంది. తెలుసన్నాను. ఫోన్లో నేను చెప్పిన జవాబు మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఉంటుంది.

ఇప్పుడు బావ చెవి వెనక చిన్న మిషను ఉంది. దాచుకోవడం లేదు. కొట్టుకు వచ్చినవాళ్లతో ఇటు పక్క మాట్లాడండి అని ముందే చెప్తాడు. ఆ అద్దాలు నా దుకాణంలో కుంచెల డబ్బాలో ఉన్నాయి, ఇప్పటికీ వెలుగుతాయి.

ఆ రోజు అన్నం తిని, చెప్పులు వేసుకుని, గడపలోంచి అక్కా పోయొస్తా అన్నాను. పలకలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. ఆమె నాకు వీపు తిప్పి గిన్నెలు సర్దుతూనే ఉంది. మా అక్కకు చెవులు బ్రహ్మాండంగా వినిపిస్తాయి.