మూయకూడని కంతలు

మా పాత అంబాసిడర్ కారు తలుపులు అడుగున తుప్పు పట్టి రాలిపోతున్నాయని మొదట చెప్పింది మా తమ్ముడు శ్రీను. వెళ్లి చూశాను. తలుపు లోపలి తారు షీటు వాసన తగలగానే ఒళ్లు మండింది.

ఆ షీటు వేయించినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బడికి పంపకుండా నాన్నే ఇంట్లో చదువు చెప్పేవారు. నేనేం మాట్లాడినా తెలివే అనుకునేవారు. కారు చప్పుడు తగ్గాలని నరసరావుపేట మెకానిక్ సుబ్బయ్య బాబాయి చేత తలుపుల్లో తారు షీట్లు వేయించారు. బాబాయి షీటును వేడిచేసి రేకుకు అదిమి అంటించాడు. తలుపుల అడుగున ఉన్న చిన్న కంతలు మాత్రం మూయలేదు. పని ఎగ్గొట్టాడనుకుని నాన్నకు చెప్పాను.

“ఏందయ్యా, చిన్నపిల్లకు కనపడింది నీకు కనపళ్లా?” అని నాన్న గద్దించారు.

“అద్దం పక్కన దిగిన వాన నీళ్లు అందులోంచే పోవాలయ్యా. మూస్తే రేకు కుళ్లిపోద్ది.”

“నాకు చెప్తన్నావా? మూయ్!”

బాబాయి మూసి, సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు. నాన్న భుజం తడితే నేను పొంగిపోయాను.

పనివాడి మాట తోసేసి పిల్ల మాట విన్న నాన్న మీద, ఆ మెప్పుకు మురిసిన నా మీద కోపం చల్లారడం లేదు. దేవుడిచ్చిన ప్రతిదానికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను, కానీ ఈ తప్పు మాత్రం దిద్దుకోలేకపోయాను. బాబాయికి తప్పయిందని చెప్పుకునే లోపే ఆయన చనిపోయాడు. ఇది చదివినవాళ్లు మీ ఇంటి దీపం దగ్గర ఒక్కసారి సుబ్బయ్యను తలచుకోండి.